గట్టిగా ఊపిరి పీల్చండి, అంతా సర్దుకుంటుంది

మనసు బాగోలేదని ఎవరితోనైనా అని చూడండి. మేనేజరు, ఫోన్‌లో యాప్, పొద్దున్నే వాట్సాప్‌లో సూక్తులు పంపే పెద్దమనిషి, అందరిదీ ఒకటే మందు: "గట్టిగా ఊపిరి పీల్చుకోండి." ఏ గాలిని, అని అడిగితే మాత్రం మనల్ని నెగెటివ్ మనిషి కింద జమకడతారు.

అడక్కపోతే ఎలా? గాలిలో తేలే పీఎం 2.5 అనే నలుసు మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. ముక్కుకి చిక్కదు, ఊపిరితిత్తులు దాటి రక్తంలో కలుస్తుంది. అంతకన్నా సన్నవి వాసన పసిగట్టే నరం పట్టుకుని తిన్నగా మెదడుకే పోగలవు, అక్కడ వాపు రేపగలవు. ఇలాంటి గాలిలో ఏళ్లతరబడి బతికేవాళ్లలో డిప్రెషన్, యాంగ్జైటీ ఎక్కువగా కనిపిస్తున్నాయని అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ నలుసుల వార్షిక పరిమితిని ఘనపు మీటరుకి 10 మైక్రోగ్రాముల నుంచి 5కి దించింది, భూమ్మీద 99 శాతం మంది తన పరిమితులు దాటిన గాలే పీలుస్తున్నారని కూడా తనే చెప్పింది. ఆ మిగిలిన ఒక్క శాతం ఎక్కడుంటారో కనుక్కుని వాళ్లకి చెప్పండి, గట్టిగా పీల్చమని.

మా ఆఫీసులో ఈమధ్య మానసిక ఆరోగ్య వారోత్సవం జరిగింది. మేడ మీద. ప్రకృతికి దగ్గరగా ఉంటుందట! మేడకి ఆనుకునే ఫ్లైఓవర్, దాని మీద ప్రకృతి బంపర్‌కి బంపర్ ఆనించి నిలబడి ఉంది. యోగా మ్యాట్ మీద చెయ్యి ఆనిస్తే అరచెయ్యి నల్లగా లేచింది. నాలుగు అంకెలు పీల్చాలి, ఏడు అంకెలు బిగబట్టాలి, ఎనిమిది అంకెలు వదలాలి అంది ట్రైనర్. ఏడు దాకా బిగబట్టడం మంచిదే, నలుసులు లోపల కుదురుగా సర్దుకుని కూర్చోడానికి టైమివ్వాలి కదా. మూడో రౌండులో అకౌంట్స్ ఆయనకి దగ్గు తెర వచ్చింది. "చూశారా, పేరుకుపోయిన టెన్షన్ ఎలా బయటికొస్తోందో!" అని ఆవిడ మురిసిపోయింది. ఇంకో నలుగురి టెన్షన్ కూడా బయటికి రావడం మొదలైంది. ఒక కుర్రాడు ఉండబట్టలేక ఫోన్ తీసి, "మేడమ్, గాలి నాణ్యత ఊదారంగు చూపిస్తోంది, అంటే చాలా ప్రమాదం" అన్నాడు. ఆవిడ కళ్లు మూసుకునే, "ఊదా ప్రశాంతతకి గుర్తు" అంది.

పాపం ఆవిడ కూడా అదే ఫ్లైఓవర్ మీద పడి వచ్చింది, ఆవిడనేం అంటాం. నా కడుపు మండేది ఇంకోచోట. చెట్లు కొట్టేసి రోడ్డు వెడల్పు చేసినవాడు మారక్కర్లేదు. బస్సులు లేకుండా చేసి అందరిచేతా కార్లు కొనిపించినవాడు మారక్కర్లేదు. ఇంట్లో కూర్చుని చేసే పనికి కూడా రోజూ రెండు గంటలు పొగలో ఈదుకుంటూ రమ్మని, రాత్రి పదింటికి మళ్లీ కాల్ పెట్టేవాడు అసలే మారక్కర్లేదు. మారాల్సింది నేనట, నా ఆలోచనా విధానమట! గాలి పాడుచేసింది మీరు, నిద్ర పాడుచేసింది మీరు, తీరా తలకాయ పనిచెయ్యడం మానేస్తే ఊపిరి పీల్చడం రాదని నాకే క్లాసు పీకుతారా? సిగ్గనేది ఉండాలి.

మా గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనది పన్నెండు గంటల డ్యూటీ, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి బండి పొగా ముందు ఆయనకే. "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు సార్, ఇంటికెళ్తే పిల్లల మీద ఊరికే అరిచేస్తున్నా" అన్నాడు మొన్న. ఈయన్ని కూడా సెషన్‌కి పంపండి అని హెచ్‌ఆర్‌ని అడిగాను. పర్మనెంట్ ఉద్యోగులకేనట, ఈయన ఏజెన్సీ మనిషట. జనరేటర్ పొగగొట్టం మాత్రం ఆయన కుర్చీ వైపుకే తిప్పించారు, మేడ మీద సెషన్‌కి ఇబ్బంది రాకూడదని.