ఆత్మపరిశీలన చేసుకోవడం జరిగింది

బీఎడ్ రెండేళ్లకు, ఇంటర్న్‌షిప్ ఇరవై వారాలకు పెరిగాక (టీచర్ల చదువులకు నియమాలు పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014లో తెచ్చిన నిబంధనల పుణ్యం) కాబోయే పంతుళ్ల సంచిలో కొత్త బరువొకటి చేరింది. దాని పేరు రిఫ్లెక్టివ్ జర్నల్. పాఠం చెప్పి చేతులు దులుపుకుంటే చాలదు. చెప్పాక ఏమనిపించిందో, ఎక్కడ తడబడ్డామో, మళ్లీ చెబితే ఎలా చెబుతామో కూడా రాయాలి. ఈ మాట వినగానే కొందరు టెన్షన్ పడుతున్నారు. అక్కర్లేదు. ఇందులో అనుభవం పాత్ర బహు స్వల్పం. పదాలుంటే చాలు.

మొదటి పదం ‘జరిగింది’. తెలుగులో ఇంత దయగల క్రియ ఇంకొకటి లేదు. ‘పిల్లల మీద అరిచాను’ అని రాస్తే అరిచింది మీరేనని తెలిసిపోతుంది. ‘తరగతిలో క్రమశిక్షణ నెలకొల్పడం జరిగింది’ అనండి. ఎవరు నెలకొల్పారో దేవుడికెరుక. వాన పడ్డట్టు, ఎండ కాసినట్టు, అదే జరిగింది. ప్రభుత్వ ప్రకటనల్లో బాగా నలిగి మెత్తబడ్డ మాట కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు.

దాని చెల్లెలు ‘అనిపించింది’. ‘అనుకున్నాను’ అంటే అనుకున్న పాపం మనది. ‘అనిపించింది’ అంటే ఎవరో అనిపించారు.

లోపం ఒకటైనా ఒప్పుకోకపోతే మార్కులు రావు. అయితే అది పెళ్లిచూపుల్లో చెప్పే లోపంలా ఉండాలి. ‘మా అబ్బాయికి కొంచెం మొహమాటం’ అంటారే, అలాగన్నమాట. ‘విద్యార్థుల ఉత్సాహం వల్ల సమయపాలన సాధ్యపడలేదు’ అనేది ఇప్పటివరకు ఎవరినీ ఫెయిల్ చేయని లోపం.

1988లో గిబ్స్ అనే ఆయన ఈ రాతకు ఆరు మెట్లు కట్టాడు: ఏం జరిగింది, ఏమనిపించింది, మంచేది చెడేది, ఎందుకలా, ఇంకేం చేసి ఉండొచ్చు, ఈసారి ఏం చేస్తాను. జనం జారిపడేది నాలుగో మెట్టు మీదే. అక్కడ ‘సమయాభావం వల్ల’ అని రాసి దూకేయండి. అంతకు ముందే 1983లో డొనాల్డ్ షాన్ అనే అమెరికా ఆచార్యుడు, పని చేస్తూ ఆలోచించడం వేరు, చేశాక ఆలోచించడం వేరు అని విడదీశాడు. మనవాళ్లు మూడోది కనిపెట్టారు: చేయకముందే రాసేయడం. సోమవారం పాఠానికి పశ్చాత్తాపం ఆదివారం రాత్రికే సిద్ధం, అదీ సీనియర్ రికార్డులోంచి.

మా బ్యాచ్‌లో ఒకడు ఈ విద్య అబ్బనివాడు. ఏడో తరగతికి భిన్నాలు చెబుతుంటే ఒక పిల్లాడు లేచి, ‘సార్, కింది అంకె పెరిగితే భిన్నం ఎందుకు తగ్గుతుంది?’ అన్నాడట. మావాడు ఆ రాత్రి జర్నల్‌లో రాసింది రెండే వాక్యాలు: ‘నాకు సరిగా చెప్పడం రాలేదు. కూర్చోమన్నాను.’

రికార్డు వెనక్కి వచ్చింది. కింద ఎర్ర సిరాతో, ‘ఆత్మపరిశీలన లోపించింది. తిరిగి రాయవలెను.’

నేనే కూర్చుని దిద్దిపెట్టాను: ‘విద్యార్థి జిజ్ఞాసను గుర్తించి, తదుపరి బోధనలో మూర్త ఉదాహరణల ఆవశ్యకతను గ్రహించడం జరిగింది.’ సంతకం పడింది, మార్కులు పడ్డాయి, స్పైరల్ బైండింగ్ కూడా అయిపోయింది.

ఆ సంతోషంలో టీ తాగుతూ అడిగాను, ‘ఇంతకీ ఆ పిల్లాడికి ఏం చెప్పావురా?’ అని.

‘అది ఫార్మాట్‌లో లేదుగా’ అన్నాడు. అప్పటికి వాడికీ అబ్బింది.