కొండ పేలుతోంది, కాస్త నిశ్శబ్దం ప్లీజ్!

మహారాజశ్రీ గోల్ఫ్ గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. పక్కన అగ్నిపర్వతం బద్దలవుతున్నా తమరికి చీమ కుట్టినట్టయినా ఉండదని 2018 మే నెలలోనే లోకమంతా చూసింది.

ఆ ఫొటో మీ ఆల్బమ్‌లో ఉండే ఉంటుంది. హవాయిలోని బిగ్ ఐలండ్, కిలౌయా అగ్నిపర్వతం శిఖరం దగ్గర, సుమారు 4,000 అడుగుల ఎత్తున నున్నగా కత్తిరించిన పచ్చిక. వెనక హలెమౌమౌ బిలంలోంచి బూడిద మేఘం లేస్తోంది. ముందు మీ భక్తులు తాపీగా ఆడుకుంటున్నారు. తేదీ మే 15. పక్కనే ఉన్న నేషనల్ పార్కును మే 11నే మూసేశారు. అంటే అగ్నిపర్వతం చూడ్డానికి వెళ్తే ప్రమాదం, రోడ్డుకు ఇవతల నిలబడి బంతి కొడితే ఆరోగ్యం!

మీ వాళ్ళేం తెలివితక్కువ వాళ్ళు కాదులెండి. గాలి లెక్క తెలిసినవాళ్ళు. అక్కడ వీచేది ఎక్కువగా ఈశాన్యపు గాలి. బూడిద నైరుతికి, పహాలా ఊరి వైపు కొట్టుకుపోతుంది. అక్కడివాళ్ళు మాస్కులు కట్టుకుని తిరిగే రోజుల్లో, మీ వాళ్ళు అదే గాలిని చూసుకుని ఏ క్లబ్ (అదే, బంతి కొట్టే కర్ర) తియ్యాలా అని ఆలోచించారు.

తమరి ఈ నిబ్బరానికి మూలం మీ రూల్సు పుస్తకమేనని నా అనుమానం. మా బావమరిది డల్లస్‌లో ఉద్యోగం వచ్చాక మీ భక్తుడయ్యాడు. వాడే నాకు ఆ పుస్తకాన్ని నవమి పందిట్లో రామకథ చెప్పినంత శ్రద్ధగా వినిపించాడు. బంతి దగ్గర విషప్పాము గానీ, మొసలి గానీ, ఎలుగుబంటి గానీ ఉంటే పక్కకు జరిపి కొట్టుకోవచ్చట, జరిమానా లేదు. ముళ్ళ కాక్టస్ ఉంటే మాత్రం ఆ మినహాయింపు లేదు, ఎందుకంటే అది జంతువు కాదు. మరి లావా సంగతేమిటిరా అని అడిగాను. జంతువు కాదు కదా అన్నాడు, చాలా సీరియస్‌గా.

ఇంకా ఉంది. బంతి రంధ్రం అంచున వేలాడుతుంటే దగ్గరికి నడిచి వెళ్ళాక 10 సెకన్లు ఎదురుచూడొచ్చు. ఆ తర్వాత పడితే ఒక స్ట్రోకు జరిమానా, అంటే కొట్టని దెబ్బ ఒకటి లెక్కలో పడుతుంది. ఆ ఏడాది మే నుంచి ఆగస్టు మొదటి వారం దాకా కిలౌయా శిఖరం 62 సార్లు కుంగింది. కుంగిన ప్రతిసారీ ఇంచుమించు 5 తీవ్రత గల భూకంపం వచ్చినంత అదురు. పదకొండో సెకనులో అదిరి బంతి లోపలికి పడితే ఆ స్ట్రోకు ఎవరి ఖాతాలో రాస్తారు? ఒకరు కొడుతుంటే పక్కవాళ్ళు దగ్గకూడదన్నది కూడా మీ మర్యాదే. కిలౌయాకు ఆ మర్యాద ఎవరు నేర్పాలి?

నేను ఎగతాళి చేస్తున్నాననుకోకండి. తమరి చరిత్రే అలాంటిది. 1940లో లండన్ మీద జర్మన్ బాంబులు పడుతుంటే రిచ్‌మండ్ గోల్ఫ్ క్లబ్ తాత్కాలిక రూల్సు రాసుకుంది. సరిగ్గా కొట్టే క్షణంలో బాంబు పేలి దెబ్బ గురి తప్పితే, అక్కడి నుంచే ఇంకో బంతి కొట్టుకోవచ్చు. జరిమానా ఒక స్ట్రోకు! బాంబు వేసింది హిట్లరు, స్ట్రోకు కట్టింది ఆటగాడు. అది చదివాక కిలౌయా పక్కన ఆడినవాళ్ళ మీద నాకు కోపం సగం తగ్గింది. వాళ్ళ పెంపకం అలాంటిది.

మిగిలిన సగం మాత్రం తగ్గలేదు. అదే కొండకు తూర్పున, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో లెయిలానీ ఎస్టేట్స్ వీధుల్లో నేల చీలి లావా ఎగజిమ్మింది. ఆ వేసవిలో దిగువ పునా ప్రాంతంలో 700కు పైగా ఇళ్ళు బుగ్గయ్యాయి. కపోహో దగ్గర పచ్చటి చెరువొకటి ఉండేది. జూన్ 2న లావా దాన్లోకి దిగింది, కొన్ని గంటల్లోనే నీళ్ళన్నీ ఆవిరైపోయాయి. బంతి నీళ్ళలో పడితే మీ దగ్గర జరిమానా ఉంది. నీళ్ళే పోతే?

లావాతో మీకు పాత పేచీయే. 1964లో ఇదే దీవి పడమటి తీరాన మౌనా కియా గోల్ఫ్ మైదానం కట్టేటప్పుడు రాబర్ట్ ట్రెంట్ జోన్స్ అనే పెద్దమనిషి లావా రాయిని పిండి చేయించి, ఆ పిండి మీద గడ్డి మొలిపించాడు. ఆ గడ్డి రుచి మరిగింది ఎవరో తెలుసా? ‘నేనే’ అనే పేరున్న హవాయి బాతులు. 1950ల నాటికి అడవిలో 30 వరకే మిగిలిన జాతి అది. ఎంతో శ్రమపడి మళ్ళీ పెంచుకొచ్చారు. మీ పచ్చిక మీద కుటుంబ సమేతంగా, మెడలు వంచుకుని మేస్తుంటాయి. మీ బంతులేమో ఎటు నుంచి వస్తాయో కొట్టినవాడికే తెలియదు. తగిలి చచ్చినవీ ఉన్నాయి. ఎలుగుబంటి నుంచి ఆటగాడిని కాపాడే రూలు రాసినవారు, ఆటగాడి నుంచి బాతును కాపాడే రూలు కూడా ఒకటి రాయకూడదా?

ఇట్లు,
తమరి ఆట ఇప్పటిదాకా ఆడని, ఇకముందు కూడా ఆడే యోగం లేని,
ఒక శ్రేయోభిలాషి

తా.క.: మా బావమరిది హవాయి నుంచి తెచ్చిన గోల్ఫ్ సంచి అడుగున ఒక నల్లరాయి దొరికింది. అది అగ్నిదేవత పెలె సొత్తని, ఇంట్లో ఉంచుకుంటే అరిష్టమని నమ్మి ఎంతోమంది టూరిస్టులు ఇలాంటి రాళ్ళను క్షమాపణ చీటీతో సహా ఆ పార్కుకు తిరిగి పోస్టు చేస్తుంటారు. మా వాడేమో 1999 ఫీనిక్స్ ఓపెన్ గోల్ఫ్ పోటీ సంగతి ఎత్తుతున్నాడు. అక్కడ టైగర్ వుడ్స్ బంతికి అడ్డమొచ్చిన పెద్ద బండను జనమంతా తలో చెయ్యి వేసి దొర్లిస్తే రూలు ఒప్పుకుందట. రాయిని పోస్టు చెయ్యాలా, లూజ్ ఇంపెడిమెంట్ (జరపదగ్గ అడ్డు) కింద పక్కకు తోసెయ్యాలా, కమిటీని కనుక్కుని చెప్పగలరు. మా చెల్లెలు టెన్షన్ పడుతోంది.