ఫ్రిజ్‌లో కుంపటి

(సనత్‌నగర్‌లో ఒక పాత ఇల్లు. జూలై నెల, మూడు రోజులుగా ముసురు. వంటింట్లో 1988లో కొన్న 165 లీటర్ల అల్విన్ ఫ్రిజ్. అల్విన్ ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లు గడిచాయి గానీ ఆ సంగతి ఈ ఫ్రిజ్‌కి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. రాజేశ్వర్ రావు ఆ ఫ్యాక్టరీలోనే పాతికేళ్లు చేశాడు. భార్య సుశీల యూట్యూబ్‌లో వంటల వీడియోలు పెడుతుంది. పొద్దున్నే పాల కోసం వంటింట్లోకి వచ్చింది.)

సుశీల: ఏమండీ, ఫ్రిజ్ తలుపులోంచి మూడు తోకలు వేలాడుతున్నాయి. ఎలుకలు గానీ దూరాయా?

రాజేశ్వర్: ఒకటి కరెంటు వైరు, ఒకటి మానిటర్ వైరు. మూడోది మాత్రం ఎలుకదే. నీ మౌస్‌ది.

సుశీల: (తలుపు తెరిచి) అయ్యో, నా సీపీయూ డబ్బా! ఇందులో ఏం చేస్తోందిది?

రాజేశ్వర్: సేదదీరుతోంది. నిన్న నీ చింతకాయ పచ్చడి వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే లోపల 97 డిగ్రీలు చూపించింది. ఇంకో మూడు డిగ్రీలైతే ఎసరు పెట్టుకోవచ్చు. ఆ వేడికి ప్రాసెసర్ హడలిపోయి తన స్పీడు తానే తగ్గించుకుంటోంది. పావుగంట పనికి రెండు గంటలు పట్టేది అందుకే.

సుశీల: సీటీసీకి, ఆ కంప్యూటర్ షాపుల కాంప్లెక్సుకి తీసుకెళ్లి చూపించమని నెల రోజుల్నుంచీ మొత్తుకుంటున్నాను.

రాజేశ్వర్: పార్క్‌లేన్ దాకా ఆటో, అక్కడ ప్రాసెసర్‌ని చల్లబరిచే కొత్త ఫ్యాను కూలర్, మళ్లీ ఆటో. ఇంట్లో కంప్రెసర్ పెట్టుకుని బజార్లో ఫ్యాను కొనేవాణ్ణి ఏమంటారు?

సుశీల: మనిషంటారు. నా కూరగాయలేవి?

రాజేశ్వర్: బీరకాయలు టీవీ వెనకాల. పచ్చిమిర్చి చెప్పుల స్టాండు మీద. కంగారు పడకు, పైఅరలో నీ దోశపిండి గిన్నె కదిలించలేదు.

సుశీల: రాత్రి బాగా పొంగింది. ఇంక పులియకూడదని లోపల పెట్టాను. అదిగాని పాడైందో...

రాజేశ్వర్: పాతికేళ్లు ఫ్రిజ్‌లు తయారు చేసినవాణ్ణి. నాకు చెబుతున్నావా?

సుశీల: పెయింటు షాపులో చేశారు.

రాజేశ్వర్: పెయింటు వేయకపోతే అది ఫ్రిజ్ అవుతుందా? రేకు డబ్బా అవుతుంది.

(ఈ ముక్క ఆ ఇంట్లో వారానికి రెండుసార్లయినా వినపడుతుంది. పక్కింటివాళ్లకు కూడా కంఠతా వచ్చు.)

సుశీల: సరే ఇంజనీరు గారూ, ఈ చెమటేంటి? డబ్బా పక్కలు చూడండి, నీళ్లు కారుతున్నాయి.

రాజేశ్వర్: రాత్రంతా డబ్బాని ఆఫ్ చేసే ఉంచాను కదా, చల్లబడింది. నువ్విప్పుడు తలుపు తీశావు, ముసురుగాలి తగిలింది. చల్లటి సీసా బయట పెడితే చెమట పట్టదూ? అదే. అందుకే తలుపు తీయకూడదు.

సుశీల: తీయకపోతే మాత్రం? మూడు వైర్లు అడ్డం పెట్టి, తలుపు గాస్కెట్టు రబ్బరు మధ్య చెయ్యి పట్టేంత సందు వదిలి, పైన బ్రౌన్ టేపు అంటించారు. గాలి దర్జాగా లోపలికి పోతోంది. రేకుకు పట్టిన చెమట లోపలి బోర్డుకు పట్టదా? ఇప్పుడు కరెంటిస్తే ఠప్పుమంటుంది.

రాజేశ్వర్: (టవల్‌తో తుడుస్తూ) తుడిచాకే ఇస్తాను.

సుశీల: అది నా కొత్త టవల్!

రాజేశ్వర్: చూడు సుశీలా, పెద్దవాళ్లు చేసిన పనే ఇది. 1976లో అమెరికాలో క్రే-1 అని సూపర్ కంప్యూటర్ పెట్టారు. దాన్ని చల్లబరిచింది ఫ్రియాన్ గ్యాస్. మన ఫ్రిజ్‌లో తిరిగే గ్యాస్‌కి అన్నదమ్ముల వరస. ఆ మెషీన్ చుట్టూ కూర్చోవడానికి మెత్తటి బెంచీ కూడా ఉండేది.

సుశీల: అది ఎంత కరెంటు తాగేది?

రాజేశ్వర్: 115 కిలోవాట్లు.

సుశీల: మన గల్లీ మొత్తానికి సరిపోతుంది. అంత మెషీనుకు అంత కంప్రెసర్ పెట్టే ఉంటారు. మరి మన అల్విన్ కంప్రెసర్ ఎంత?

రాజేశ్వర్: (గొంతు తగ్గించి) నూరు వాట్లు... అటూ ఇటూగా.

సుశీల: వీడియో నడిచేటప్పుడు నా డబ్బా ఎంత?

రాజేశ్వర్: గ్రాఫిక్స్ కార్డు 200, ప్రాసెసర్ ఓ నూరు...

సుశీల: అంటే 300 వాట్ల కుంపటి లోపల పెట్టి తలుపేశారు! ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదండీ. లోపలి వేడిని మోసుకెళ్లి వెనక జాలీ దగ్గర పారేస్తుంది. మోండా మార్కెట్లో హమాలీ లాంటిది. సాంబారు గిన్నె పెడితే ఒక బస్తా దింపినట్టు దింపి కాసేపు కూర్చుంటుంది. మీరు తెచ్చింది ఆగకుండా బస్తాలు దిగే లారీ. ఎప్పుడు కూర్చుంటాడు వాడు?

రాజేశ్వర్: ఇదంతా నీకెవరు చెప్పారు?

సుశీల: మీరే. ఈ ఫ్రిజ్ ఇంటికొచ్చిన రోజు చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పారు. నేను పదకొండుసార్లు టీ ఇచ్చాను, పదకొండుసార్లూ విన్నాను.

(రాజేశ్వర్ రావు దగ్గర దీనికి జవాబు లేదు. జవాబు లేనప్పుడు మగాడు ఏం చేస్తాడో అదే చేశాడు: స్విచ్ వేశాడు. ఠప్పుమనలేదు. మానిటర్ మీద 41 డిగ్రీలు. వీడియో ఎక్స్‌పోర్ట్ మళ్లీ పెట్టాడు. ఆ అంకెను ఫోన్‌లో ఫొటో తీసుకుని, వాకింగ్ మిత్రులకు చూపించడానికి పార్కుకు వెళ్లిపోయాడు. సుశీల బ్యాంకు పనిమీద బయటికెళ్లింది. ఇద్దరూ తిరిగొచ్చేసరికి ఒంటిగంట.)

సుశీల: ఏమండీ, వంటిల్లు ఆవిరి పట్టినట్టుంది. ఫ్రిజ్ వెనకాల నిలబడలేకపోతున్నాను.

రాజేశ్వర్: కంప్రెసర్ ఉత్సాహంగా పనిచేస్తోంది.

సుశీల: ఆగకుండా మూలుగుతోంది. మీటరు మీద ఎర్రలైటు చూశారా? దీపావళి సీరియల్ బల్బులా కొట్టుకుంటోంది. ముందు మానిటర్ చూడండి, వీడియో 63 శాతం దగ్గర ఆగిపోయింది. టెంపరేచర్ 99!

రాజేశ్వర్: పొద్దున 41 కదా...

సుశీల: ఏ ఫ్యాను తోసినా గాలి పోవడానికి దారేది? తన వేడిగాలి తనే పీల్చుకుంటోంది పాపం. ఆ టేపు పీకండి.

(టేపు పీకాడు. తలుపు తెరుచుకుంది. లోపలినుంచి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు వేడి, దాంతోపాటు గుప్పున పులుపు వాసన. పైఅరలో గిన్నె మూత పక్కకి ఒరిగింది. దోశపిండి అంచు దాటి, జాలీ సందుల్లోంచి తీగలు తీగలుగా కిందికి దిగి, సీపీయూ డబ్బా నెత్తిన తెల్లగా కూర్చుంది. ఒక తీగ ఫ్యాను రంధ్రాల వైపు నిదానంగా పాకుతోంది. ఫ్రీజర్‌లో కరిగిన మంచు నుంచి ఒక్కో చుక్కా దాని మీదే పడుతోంది.)

సుశీల: స్విచ్! స్విచ్ తీయండి!

(తీశాడు. ఆ తర్వాత అరగంట ఆ ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయదగ్గది కాదు. అరగంట అయ్యాక సుశీల డబ్బా తుడిచి, నేల మీద పాత న్యూస్‌పేపర్ పరిచి, స్క్రూలు విప్పింది.)

సుశీల: ఇటు రండి. ఇది చూడండి.

రాజేశ్వర్: ఏంటది, పిల్లి తోలా?

సుశీల: దుమ్ము. ఫ్యానుకీ, దాని కింది అల్యూమినియం రెక్కలకీ మధ్య దూదిపరుపులా పట్టింది. మూడేళ్లది. గాలి ఆడితే కదా చల్లబడేది! ప్రాసెసర్ వేడిని ఆ రెక్కలకి అందించే పేస్టు కూడా ఎండి సున్నంలా రాలుతోంది.

రాజేశ్వర్: ఆ పేస్టు ఎంతుంటుంది?

సుశీల: రెండొందలు, మూడొందలు. మీరు పార్కుకెళ్లి నా పరువు తీసి వచ్చిన దారిలోనే దొరుకుతుంది. నడవండి.

(తెచ్చాడు. పెయింటు బ్రష్‌తో దుమ్ము దులిపే పని మాత్రం తనే చేస్తానని పట్టుబట్టాడు. బ్రష్ పట్టడంలో పాతికేళ్ల అనుభవం. ఒక్క రెక్క కూడా వంగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. సుశీల బఠాణీ గింజంత పేస్టు పెట్టి కూలర్ బిగించింది. తడి పూర్తిగా ఆరాలని రాత్రంతా ఫ్యాను కింద వదిలేసి, మర్నాడు పొద్దున స్విచ్ వేశారు.)

రాజేశ్వర్: ఎంత?

సుశీల: ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే 72. హాల్లో, బల్ల మీద, మామూలు గాలికి.

రాజేశ్వర్: ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే ఇంకా...

సుశీల: ఏమన్నారు?

రాజేశ్వర్: బీరకాయలు ఫ్రిజ్‌లో పెట్టనా అంటున్నాను. మరి ఆ పిండేం చేశావు?

సుశీల: గిన్నెలో మిగిలిందాంట్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త బియ్యప్పిండి కలిపాను. పునుగులు. ముసురులో పిండి ఎలా పొంగించాలో వీడియో తీస్తున్నాను. ఫ్రిజ్ కనిపిస్తుంది, గాస్కెట్టుకు పట్టిన పిండి తుడిచి పెట్టండి.

రాజేశ్వర్: (తడిగుడ్డతో తలుపు తుడుస్తూ, వంగి దగ్గరగా చూసి) సుశీలా, కెమెరా ఇటు తిప్పు. రాత్రంతా చెమట, పగలంతా సెగ, పైనుంచి పులిసిన పిండి. పెయింటు ఎక్కడైనా ఇంత లేచిందేమో చూపించు!