డాక్టర్ 'గ్యాసేలే' గారికి

అయ్యా,

ఛాతీలో మంటన్నా, పొట్ట ఉబ్బరమన్నా, వీపులో పోటన్నా మీరు చెప్పే రోగం ఒక్కటే: "గ్యాసేలే!" పొట్ట నొక్కి చూడరు, రక్తం తీయరు, ఫీజూ అడగరు; మా నోటిమాటలో ఉండే సొంతవైద్యం మీరు మరి. మీ హస్తవాసి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

ముందు మీ కాంపౌండరు, అదే ఒమెప్రజోల్ మాత్ర సంగతి. పాపం, దాని పని కడుపులో ఆమ్లం వదిలే పంపుల్ని మూసెయ్యడం. తిండి పడగానే ఆ పంపులు పని మొదలెడతాయి కాబట్టి మాత్రను భోజనానికి అరగంట, గంట ముందే మింగాలి. మీరేమో పీకలదాకా తిన్నాక వేయిస్తారు. దాని సత్తా పూర్తిగా తెలియడానికి 3, 4 రోజులు పడుతుంది. మీరు పది నిమిషాలు చూసి రెండోది మింగిస్తారు. డాక్టరు చెప్పకుండా వాడుకునే గడువు 14 రోజులు. మీ చేతిలో అది ఏళ్లు గడుస్తుంది. అన్నాళ్లు వాడి ఒక్కసారిగా ఆపేస్తే, అణిగి ఉన్న ఆమ్లం కొన్నాళ్లు ఎగదన్నుతుంది. మీకు అదే సాక్ష్యం: "చూశావా, గ్యాసు పోలేదు!"

కడుపులో పుండుకు కారణం దిగులే అనుకునే రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను పట్టుకున్నారు. మార్షల్ దాన్ని తానే తాగి మరీ చూశాడు. 2005లో నోబెల్ కూడా వచ్చింది. మీకింకా కబురందినట్టు లేదు. పైగా మీ మాత్ర వాడుతూ ఆ క్రిమి కోసం చేసే ఊపిరి పరీక్షకు వెళితే, అది ఉన్నా లేదని రావచ్చు. అందుకే రెండు వారాల ముందు ఆపమంటారు. పుండుకు మరో కారణం కీళ్ల నొప్పులకని రోజూ మింగే మాత్రలు. వాటి ఊసే మీరెత్తరు.

మింగుడు పడకపోతే, తిండి తగ్గించకుండానే బరువు తగ్గితే, వాంతిలో రక్తమో కాఫీ పొడి లాంటిదో కనిపిస్తే, మలం తారులా నల్లగా, జిగటగా వస్తే మీ వైద్యం అక్కడితో చాలు. (ఐరన్ మాత్రలకూ మలం నల్లబడుతుంది, నిజమే. అది తేల్చాల్సింది మీరు కాదు.) రక్తం పడ్డవాళ్లు అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. 60 దాటాక కొత్తగా మొదలైన అజీర్తికీ, కారణం తెలియని రక్తహీనతకీ ఎండోస్కోపీ (గొట్టంతో కడుపులోకి చూసే పరీక్ష) అవసరమో కాదో గ్యాస్ట్రో డాక్టరు, అంటే కడుపు, పేగుల వైద్యుడు చెబుతారు. వారాల తరబడి విరేచనాల తీరు మారినా, నిద్రలోంచి లేపి మరీ పరుగెత్తించినా ఆయన దగ్గరికే.

ఇక ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకితే ఆయన కూడా వద్దు. అంబులెన్సు, వెంటనే ఈసీజీ. మీరు అడ్డం తప్పుకుంటే చాలు.

గ్యాస్ట్రో డాక్టరు మొదట అడిగేది ఇన్నాళ్లూ ఏ మాత్రలు, ఎంతకాలం వాడారని. ఆ చిట్టా మీ దగ్గరే ఉంది గనక, తీసుకుని మీరూ రండి. గది బయట బల్ల మీద కూర్చుందురుగాని.

ఇట్లు,
మీ పాత పేషెంట్లు