నూటికి ఇద్దరే పన్ను కడుతున్నారా?

"దేశంలో నూటికి ఇద్దరే పన్ను కడతారు, మిగిలిన తొంభై ఎనిమిది మంది ఆ ఇద్దరి కష్టార్జితంతో ఉచిత పథకాలు అనుభవిస్తారు, రైతులు పైసా కట్టరు, జీతగాడి ఆదాయం 12 లక్షలు దాటి ఒక్క రూపాయి పెరిగినా 60 వేలు సమర్పించుకోవాలి" అనే సందేశం బడ్జెట్ వేళ, రిటర్నుల గడువు వేళ వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది.

మొదటి అంకె కల్పితం కాదు. 2022-23 ఆర్థిక సంవత్సరానికి 7.40 కోట్ల మంది ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేయగా, వారిలో 5.16 కోట్ల మంది కట్టవలసిన పన్ను సున్నా అని ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. మిగిలిన రెండుంబావు కోట్ల మందిని 140 కోట్ల జనాభాతో పోలిస్తే నూటికి ఇద్దరు కూడా తేలరు. కానీ ఆ 140 కోట్లలో పసిపిల్లలు, విద్యార్థులు, వృద్ధులు, సొంత ఆదాయం లేని గృహిణులు కూడా ఉన్నారు. ఐదుగురున్న ఇంట్లో ఒక్కరు సంపాదించి పన్ను కడితే, ఈ లెక్కలో మిగతా నలుగురూ పరాన్నభోజులే అవుతారు. సందేశాన్ని పంపినవారి పిల్లలూ అందులోకే వస్తారు.

అంతకన్నా పెద్ద లోపం, ఖజానాకు చేరే అనేక పన్నులలో ఒకదానిని మాత్రమే లెక్కలోకి తీసుకోవడం. 2023-24లో వ్యక్తుల ఆదాయపు పన్ను ద్వారా సుమారు 10.4 లక్షల కోట్ల రూపాయలు వస్తే, రిఫండ్లు పోగా జీఎస్టీ ద్వారా 18.01 లక్షల కోట్లు వచ్చాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినా, ఫోన్ రీఛార్జి మీద 18 శాతం అలాగే ఉంది. రీఛార్జి చేయించుకునే కూలీని పాన్ కార్డు ఉందా అని ఎవరూ అడగరు. పెట్రోలు జీఎస్టీ పరిధిలో లేదు. కేంద్ర ఎక్సైజ్ సుంకానికి తోడు తెలంగాణ 35.2 శాతం వ్యాట్ వసూలు చేస్తే, ఆంధ్రప్రదేశ్ 31 శాతం వ్యాట్‌తో పాటు లీటరుకు మరో 4 రూపాయలు, రోడ్ల సెస్సుగా ఇంకొక రూపాయి తీసుకుంటుంది. ఇక మద్యం దుకాణం ముందు నిలబడిన వరుసలో ఆదాయపు పన్ను కట్టేవారు ఎందరో గాని, రాష్ట్ర ఖజానాకు జమ చేయకుండా సీసాతో వెళ్లేవారు మాత్రం ఒక్కరూ ఉండరు. సంపన్నులు ఎక్కువ ఖర్చు చేస్తారు కనుక రూపాయల్లో ఎక్కువ జీఎస్టీ కడతారన్నది నిజమే. అయితే నెలకు 15 వేలు సంపాదించి మొత్తం ఖర్చు పెట్టవలసి వచ్చే కుటుంబానికి, రెండు లక్షలు సంపాదించి సగం దాచుకోగలిగే కుటుంబానికి, ఆదాయంలో ఈ పన్ను వాటా ఒకేలా ఉండదు.

పథకాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రాష్ట్రాలు ఇచ్చే పింఛన్లకు, ఉచిత బస్సు ప్రయాణానికి డబ్బు రాష్ట్ర జీఎస్టీ, వ్యాట్, ఎక్సైజ్, రిజిస్ట్రేషన్ రుసుముల నుంచి, అప్పుల నుంచి, కేంద్ర పన్నుల వాటా నుంచి వస్తుంది. ఉద్యోగి ఆదాయపు పన్ను ఆ చివరి వాటాలో ఒక భాగం మాత్రమే.

రైతుల విషయంలో సగం నిజం ఉంది. వ్యవసాయ ఆదాయంపై పన్ను వేసే అధికారాన్ని రాజ్యాంగం రాష్ట్రాలకు వదిలింది. కేంద్ర ఆదాయపు పన్ను చట్టం దానిని మినహాయించింది. ఇతర ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయంగా చూపించే ఆసాముల మీద ఉద్యోగులకున్న కోపం న్యాయమైనదే. ఆ కోపాన్ని మూడెకరాల వరి రైతు మీదకు మళ్లించడం అన్యాయం. ఎరువుల మీద 5 శాతం, రసాయన పురుగు మందుల మీద 18 శాతం జీఎస్టీ అతడు కడతాడు. ట్రాక్టరు డీజిలు మీద ఎక్సైజ్, వ్యాట్ రెండూ కడతాడు. వ్యాపారి తాను కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీని అమ్మకపు పన్నులోంచి మినహాయించుకుంటాడు. రిజిస్ట్రేషన్ లేని రైతుకు ఆ వీలు లేదు, కాబట్టి ఆ భారం అతడి పెట్టుబడిలోనే మిగిలిపోతుంది.

చివరిది జీతగాళ్లను నిజంగా భయపెడుతున్న మాట. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో పన్ను విధించదగిన ఆదాయం 12 లక్షల వరకు ఉంటే రిబేటు, అంటే పన్ను మాఫీ, వల్ల పన్ను ఉండదు. ఉద్యోగులకు 75 వేల ప్రామాణిక తగ్గింపు కలిపితే ఆ హద్దు 12.75 లక్షలు. హద్దు దాటగానే 60 వేలు పడకుండా చట్టంలోనే మార్జినల్ రిలీఫ్ ఉంది. పన్ను విధించదగిన ఆదాయం 12,10,000 అయితే శ్లాబుల ప్రకారం పన్ను 61,500 వస్తుంది, కానీ హద్దు దాటిన 10,000కు మించి వసూలు చేయరు. దాని మీద 4 శాతం సెస్సు కలిపి 10,400 కట్టాలి; అదనంగా వచ్చిన 10,000 కన్నా 400 ఎక్కువ పోతుంది కనుక, ఆ మేరకు సందేశంలో 400 రూపాయల నిజం ఉందని ఒప్పుకోవాలి. ఈ రక్షణ పన్ను విధించదగిన ఆదాయం సుమారు 12,70,000 అయ్యేవరకు కొనసాగుతుంది. 12 లక్షల హద్దు గురించి ప్రచారం చేసేవారు, షేర్లు అమ్మగా వచ్చిన లాభాల వంటి, వేరే రేటుతో పన్ను పడే ఆదాయాలకు ఈ రిబేటు వర్తించదని హెచ్చరిస్తే మరింత ఉపయోగం, ఎందుకంటే 12 లక్షల లోపు ఆదాయం ఉన్నా డిమాండ్ నోటీసు వచ్చే అవకాశం అక్కడే ఉంది.