కోనేరు కారుతోందట!

పురాతన దేవాలయాల కోనేళ్లను సుందరీకరించే పవిత్ర కార్యం ఈ మధ్య మన పట్టణాలలో ఎంత జోరుగా సాగుతున్నదో పాఠకులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. ముందు చుట్టూ స్టీలు రెయిలింగు వస్తుంది. తరువాత నిమిషానికో రంగు మార్చే లైట్లు వస్తాయి. ఆ పైన ఊరి పేరు పక్కన ఎర్రటి గుండె గుర్తు పెట్టిన పెద్ద పెద్ద అక్షరాలు వెలుస్తాయి. చివరికి కోనేటి అడుగున ఆరంగుళాల కాంక్రీటు పోసి, దాని మీద ఈత కొలనులో వేసే నీలం టైల్సు పరుస్తారు. ఇదంతా ఎందుకని అడిగే అమాయకులు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు కనుక, అధికారులకు శ్రమ లేకుండా ఆ జవాబేదో నేనే చెబుతాను. కోనేరు కారుతోందట!

నేలలో తవ్విన కోనేటిలోని నీరు నేలలోకే ఇంకుతున్నదని ఇన్ని వందల ఏళ్ల తరువాత కనిపెట్టడం సామాన్యమైన విషయం కాదు. ఆ ఊపులోనే మన పూర్వీకుల పనితనంలోని లోపాలన్నీ బయటపడ్డాయి. మెట్ల రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చారే కాని నడుమ సందులను పూడ్చలేదు, ఎంత నిర్లక్ష్యం! వానకాలంలో చుట్టుపక్కల నేలలో ఊరిన నీరు ఆ సందుల గుండానే కోనేటిలోకి దిగేదనీ, గోడ వెనుక ఒత్తిడి పేరుకోకుండా అవే కాపాడేవనీ ఎవరో ముసలి మేస్త్రీ గొణిగాడు కాని, మేస్త్రీ మాట అంచనా పత్రంలో ఏ గడిలో రాయాలో ఎవరికీ తెలియలేదు. అతుకు తప్పనిసరి అయిన చోట పాతవాళ్లు గానుగలో రుబ్బిన డంగు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి వాడేవారు. అది తడిని లోపల బిగబట్టదు, మెల్లగా బయటికి వదిలేస్తుంది. అయితే సివిల్ పనుల బిల్లులో బెల్లం కనబడితే ఆడిట్ వారు ఊరుకుంటారా? కనుక సందులన్నిటికీ సిమెంటు పూశారు. రెండు వానకాలాలు తిరిగేసరికి, దారి లేక వెనుక నిలిచిన నీరు గోడను ముందుకు తోసింది, గోడ పొట్ట వేసింది. పూర్వీకులది నాసిరకం పని అని మరోసారి రుజువైంది, మరోసారి అంచనా తయారైంది.

రెండో లోపం ఇంకా ఘోరమైనది. ఒక మూల గోడకు రాతి తూము వదిలేశారు. దాని అవతల కాలువ, కాలువ అవతల గుట్ట. గుట్ట మీద కురిసిన వాన కాలువ పట్టి, మధ్యలో ఒక గుంటలో మట్టిని వదిలి, తేటపడి కోనేటికి చేరేది. నిండగా మిగిలింది మరో తూము గుండా దిగువ చెరువుకు పోయేది, ఆ చెరువు అలుగు పోస్తే దాని కింది చెరువుకు. ఊరి వాలును చదివి, ఆ వాలుకు అడుగున గుడినీ కోనేటినీ ఎక్కడ పెట్టాలో నిర్ణయించిన ఆ పాతకాలపు మనుషులకు వెంచర్ల గురించి ఏమీ తెలియదు పాపం. ఇప్పుడు కాలువ మీద ప్లాట్లు ఉన్నాయి. గుట్ట క్రషర్‌కు వెళ్లింది. కోనేటికి నీరిచ్చిన గుట్టనే పగలగొట్టి కంకర చేసి, ఆ కంకరతోనే కోనేటి అడుగున కాంక్రీటు పోసిన ఈ పొదుపును మాత్రం నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

ఇక మెట్లు మరీ ఎక్కువట. కార్తికంలో నీరు పై మెట్టును తాకుతుంది, వైశాఖానికి అట్టడుగుకు దిగుతుంది. ఏ నెలలో వచ్చినవాడికైనా పాదం తడిసేలా కట్టిన మెట్లవి. ఏడాది పొడుగునా ఒకే మట్టంలో నీలంగా కనబడాలని కోరే ఫొటోకు ఇన్ని మెట్లతో పని లేదు కనుక, కింది వరసలు కాంక్రీటులో కలిసిపోయాయి.

ఈ లెక్కన పాలంపేటలో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు ఈ కాలంలో పుట్టి ఉంటే తప్పకుండా బ్లాక్ లిస్టుకు ఎక్కేవాడు. 1213 నాటి ఆ గుడి పునాదిలో ఇసుక నింపించాడు, శిఖరానికి నీటి మీద తేలేంత తేలిక ఇటుకలు వాడించాడు. పునాదిలో ఇసుక, పైన తేలిక ఇటుక అన్న రెండు ముక్కలు చాలు, విజిలెన్స్ వారు జీపులో దిగడానికి. గుడి ఒక్కటీ కట్టి ఊరుకోక, గుట్టల నడుమ కట్ట వేసి చెరువు కూడా తవ్వించాడు, అడగని పనికి బిల్లెవడు చేస్తాడు? కాకతీయుల కాలంలో విజిలెన్స్ లేకపోబట్టి గుడి నిలిచింది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకూ ఎక్కింది. ఆ చెరువు కింద నేటికీ పొలాలు పారుతున్నాయి.

సుందరీకరణ ఫలితాన్ని కళ్లారా చూడదలచినవారు తెప్పోత్సవం నాడు రావాలి. ఆ రోజు స్వామివారి కన్నా ముందు ఊరేగింపుగా వచ్చేవి నీళ్ల ట్యాంకర్లు. మొదటి ట్యాంకరుకు కొబ్బరికాయ కొడతారు. అర్చకులు వరుణుణ్ణి ఆవాహన చేస్తుంటారు, డ్రైవరు గొట్టం విప్పుతుంటాడు, ఇద్దరిలో ఎవరి వల్ల నీరు వచ్చిందన్న సందేహం భక్తులకు కలగకుండా మైకులో భక్తి పాటలు పెడతారు. ముప్పై మీటర్ల పొడవు, ముప్పై మీటర్ల వెడల్పు ఉన్న కోనేటిలో అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటి కుమ్మరిస్తే నీరు అర సెంటీమీటరుకు కాస్త పైన లేస్తుంది. మోకాలి లోతుకు తొంభై ట్యాంకర్లు కావాలి. బిల్లు తొంభైకి పెట్టి నీరు అరవైకి పోశారన్నది గిట్టనివారి ప్రచారం.

చీకటి పడ్డాక సీరియల్ బల్బుల తెప్ప కదలాలి. దేవేరులతో స్వామివారు ఎక్కారు, అర్చకులు ఎక్కారు, సన్నాయి, డోలు ఎక్కాయి. ఆ వెనుక పాలకవర్గం, పాలకవర్గం తాలూకు బంధువర్గం, వారి పిల్లలు, పిల్లల ఫోన్లు ఎక్కాయి. తెప్ప కింది డ్రమ్ములు ఒక్కసారి మూలిగి నీలం టైల్సు మీద కూర్చున్నాయి. బరువు తగ్గించాలి, ఎవరు దిగాలి? ప్రోటోకాల్ ప్రకారం ఎవరు ఎవరి కన్నా ముందు దిగకూడదో తేలడానికి అరగంట పట్టింది, ఎవరూ దిగలేదు. ఉత్సవమూర్తులను దించితే కొంత తేలిక పడుతుందన్న సూచన కూడా వచ్చింది. నిబంధనల ప్రకారం నియమించిన గజ ఈతగాళ్లు లైఫ్ జాకెట్లు తొడుక్కుని, పిక్కలు మాత్రమే తడిసే ఆ అగాధంలో నిలబడి, ఎవరైనా మునుగుతారేమోనని రెప్ప వేయకుండా చూస్తున్నారు. చివరికి మునిసిపల్ కార్మికులు పంచెలు ఎగగట్టి, భుజాలు ఆనించి, స్వామివారినీ పాలకవర్గాన్నీ నాలుగు చుట్లు నెట్టారు. టైల్సు మీద డ్రమ్ములు గీసుకునే చప్పుడును సన్నాయి కప్పేసింది. వచ్చే ఏటికి తెప్పకు చక్రాలు బిగించే ప్రతిపాదన పరిశీలనలో ఉంది. బయటికి పోయే తూము కూడా పూడ్చేశారు కనుక వారం తిరిగేసరికి ఆ నీరు పచ్చబడింది, దోమలు పెరిగాయి, మోటారు పెట్టి పవిత్ర జలాన్ని మురుగు కాలువలోకి తోడేశారు.

పాత కోనేళ్ల వైభవాన్ని తలచుకుని కళ్లు ఒత్తుకునేవారితోనూ నాకు పేచీ ఉంది. ఆ మెట్లు అందరి పాదాలకూ తెరిచి ఉన్నవి కావు. ఆ నీటిని ముట్టనివ్వక కొన్ని కులాల వారిని తరాల తరబడి గట్టునే నిలబెట్టారు. ఇప్పుడు రెయిలింగు గేటుకు తాళం వేసి సమానత్వం సాధించారు, ఎవరికీ చుక్క నీరు లేదు.

నీటిని మూసి పైన టైల్సు వేయడం వెకిలితనం మాత్రమే అయితే ఈ వ్యాసం ఇక్కడ ముగిసేది. 2023 మార్చి 30న, శ్రీరామనవమి నాడు, ఇండోర్ నగరంలోని బేలేశ్వర్ మహాదేవ్ ఆలయంలో హోమం జరుగుతుండగా భక్తుల కింద నేల కుంగింది. అది నేల కాదు, పాత దిగుడుబావి మీద పరచిన స్లాబు. 36 మంది చనిపోయారు. పండుగ పూట పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి కూర్చున్న మనుషులు వారు. తాము ఒక బావి మీద కూర్చున్నామని వారిలో ఎందరికి తెలుసు? బావి కనబడకుండా చేస్తే బావి లేకుండా పోతుందని నమ్మేవాడి చేతికి తాపీ ఎవడిచ్చాడు? నీటిని దేవుడని మొక్కి, ఆ దేవుడి నెత్తిన స్లాబు వేసి, దాని మీద అగ్నిని రాజేసి, దానికి భక్తి అని పేరు పెట్టుకోవడానికి సిగ్గు లేదా మనకు? మన ఊళ్లలో మాత్రం పాత బావుల మీద గదులు లేవా, దుకాణాలు లేవా? వాటి కింద ఏముందో రాసి పెట్టిన కాగితం ఏ కార్యాలయంలో ఉంది?

చేతకాక ఇలా చేస్తున్నారని ఎవరూ జాలిపడనక్కరలేదు. గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలోని బడీ బావోలీ అనే పెద్ద మెట్లబావి 2013 వానలకు ఒక పక్క కూలిపోతే, ఆగా ఖాన్ ట్రస్టు వారు పూడిక తీయించి రాయి మీద రాయి పేర్చి మళ్లీ నిలబెట్టారు. గోల్కొండ బావోలీల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావిని తవ్వితే ఊట తిరిగి వచ్చింది, 2022 డిసెంబరులో దాన్ని జనానికి తెరిచారు. చెత్త తీశారు, ఊటను దాని పని దాన్ని చేసుకోనిచ్చారు. ఇంత చవకైన ఉపాయంలో కాంట్రాక్టరుకు ఏం మిగులుతుంది?

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కనుక ఈ విద్య ఇక నదికి కూడా విస్తరించడం ఖాయం. 2016 కృష్ణా పుష్కరాలలో కొన్ని ఘాట్ల దగ్గర షవర్లు పెట్టి భక్తులకు జల్లు స్నానం చేయించిన అనుభవం మనకు ఉండనే ఉంది. ఉలి గాట్లు కనబడేలా గరుకుగా చెక్కిన పాత మెట్లు మోటుగా ఉంటాయి, తడి కాలికి పట్టునివ్వడం తప్ప వాటికి వేరే అందం లేదు. వాటి స్థానంలో అద్దంలా మెరిసే పాలిష్ గ్రానైట్ పరిచి, పక్కనే స్టీలు స్తంభానికి "మెట్లు జారును, జాగ్రత్త" అని బోర్డు తగిలిస్తే సరి. బోర్డుకు విడిగా టెండరు పిలవవచ్చు.