‘పై’ విలువా, పార్కింగు స్తంభమూ

ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి బడిలో ఒక పని అప్పగించారు. ఐదు గుండ్రని వస్తువుల చుట్టుకొలతను, వ్యాసాన్ని కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి ‘పై’ విలువ రాబట్టాలి. వాటిలో ఒకటి తప్పనిసరిగా విద్యార్థి కన్నా ఎత్తైనదై ఉండాలి. ఈ చివరి నిబంధన పెట్టినవారు బెంగళూరు అపార్టుమెంటులో కాపురం చేస్తున్నవారు మాత్రం కారని నా నమ్మకం. గిన్నె, గాజు, దోసెల పెనం, డబ్బా మూత ఇట్టే అయిపోయాయి. ఐదోదాని కోసం రాత్రి భోజనాలయ్యాక, మారతహళ్లిలోని మా భవనం సెల్లారులో ఉన్న గుండ్రటి స్తంభం దగ్గరకు దిగాము.

చుట్టుకొలత చక్కగా 188 సెంటీమీటర్లు వచ్చింది. చిక్కంతా వ్యాసం దగ్గరే వచ్చింది. పెనమైతే స్కేలును అటూ ఇటూ జరిపి ఎక్కడ ఎక్కువ వస్తే అదే వ్యాసమనుకోవచ్చు. నేల నుంచి కప్పు దాకా నిలబడిన కాంక్రీటు స్తంభానికి వ్యాసం దాని కడుపులో ఉంటుంది. చుట్టుకొలతను 3.14తో భాగించేద్దామంటే, ఏది కనుక్కోవాలో దానితోనే లెక్క మొదలుపెట్టినట్టవుతుంది. అందుకని వృత్తానికి ఇరువైపులా రెండు సమాంతర స్పర్శరేఖలు గీస్తే వాటి మధ్య దూరమే వ్యాసమవుతుందన్న సూత్రాన్ని ఆశ్రయించి, చెప్పుల స్టాండు నుంచి ఊడదీసుకువచ్చిన రెండు చెక్క అరలను స్తంభానికి చెరోవైపూ నిలబెట్టి, వాటిని అదిమి పట్టుకోవడానికి నేను స్తంభాన్ని గట్టిగా కావలించుకున్నాను. అవతలివైపు మా అమ్మాయి టేపు పట్టింది.

“నాన్నా, 64 వచ్చింది. చెక్కలు వంకరగా పట్టుకున్నావు.”

64తో భాగిస్తే ‘పై’ 2.94 అవుతుంది. చెక్కలు కాస్త విచ్చుకుంటే చాలు, విశ్వమంతటా స్థిరమైన సంఖ్య మా సెల్లారులో మాత్రం పడిపోతుంది. దాన్ని నిలబెట్టే భారం నా రెండు చేతుల మీదా, సున్నం అంటిన నా కుడి చెంప మీదా పడింది. క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు 20,000 వ్యాసం గల వృత్తానికి పరిధి 62,832 అని చెప్పి, అదీ ఉజ్జాయింపేనని స్పష్టం చేశాడు. అంతటివాడే ఉజ్జాయింపుతో సరిపెట్టుకున్నాడన్న ధైర్యంతో నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ఒక కారు లోపలికి వచ్చి, దీపాలన్నీ మా మీద వేసి ఆగింది. దిగినవారు పై అంతస్తులో ఉండే అనంతపురం పెద్దాయన.

“ఏమి సార్, పిల్లరు బీటలిచ్చిందా?”

తల తిప్పితే చెక్క జారుతుంది కనుక, స్తంభానికే చెబుతున్నట్టుగా “కొలుస్తున్నామండీ, కొంచెం తేడా వస్తోంది” అన్నాను. ఆయన మరో మాట మాట్లాడకుండా ఫోను తీసి ఫోటో కొట్టుకుని లిఫ్టు ఎక్కేశారు. ఈలోగా 60 వచ్చింది; భాగిస్తే 3.13. నా చెంప గీరుకుపోయిందే కానీ, ఆ విలువ చూసుకుని ఎంత మురిసిపోయానో!

మరునాడు నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో “‘పై’ = 22/7. జాగ్రత్తగా కొలవవలెను” అని రాసి పంపారు. ‘పై’ 22/7 కన్నా తక్కువేనని ఆర్కిమెడీస్ క్రీస్తుకు పూర్వమే నిరూపించాడు. ఆ కబురు ఈ బడికి ఇంకా అందినట్టు లేదు. టేపు ముట్టుకోకుండా, తోచిన వ్యాసాన్ని 22/7తో గుణించి చుట్టుకొలతలు రాసుకువచ్చిన పిల్లలకు మాత్రం నక్షత్రాలు పడ్డాయట.

అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెద్దాయన పెట్టిన ఫోటో కింద చర్చ ముదిరి, ఆదివారం స్తంభాలన్నిటినీ పరీక్షించడానికి ఇంజనీరును పిలిపిస్తున్నట్టు సంఘం కార్యదర్శి ప్రకటించారు. ఖర్చు చదరపు అడుగుల లెక్కన పంచుతారట. మా అంతస్తులో పెద్ద ఫ్లాటు మాదే.